‘ప్రతి విషయమునందును’ అంటే నిజంగా ప్రతి విషయమూనా?

వెనకబెంచీ
మా తమ్ముడు పోయి ఏడు నెలలైంది. ఇరవై తొమ్మిదేళ్లు. అదే వారం మా సంఘంలోనే ఇంకో అబ్బాయి కూడా అదే ఐసీయూలో ఉన్నాడు. అతను బతికాడు. మొన్న ఆదివారం వాళ్ల నాన్నగారు లేచి సాక్ష్యం చెప్పారు. "ప్రార్థన చేశాం, దేవుడు విన్నాడు, ఆయన నమ్మదగినవాడు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మా అమ్మ కూడా కొట్టింది. నేను ఆమె చేతులే చూస్తూ కూర్చున్నాను.

బయటికి వచ్చాక ఒక పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, "బాబూ, మొదటి థెస్సలొనీక 5:18 గుర్తుంది కదా, ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి. చెల్లించడం మొదలుపెట్టు, ఈ భారం దిగిపోతుంది" అన్నారు. మంచి మనిషే. ఆస్పత్రిలో రెండు రాత్రులు మాతో పాటు కుర్చీలో పడుకున్నారు. అందుకే ఎదురు మాట అనలేకపోయాను.

సూటిగా అడుగుతున్నాను. తమ్ముడు పోయినందుకు నేను దేవునికి థాంక్స్ చెప్పాలా? చెప్పలేకపోతే కృతజ్ఞత లేనివాణ్ణా? ఉద్యోగానికి, పిల్లలకి, తిండికి చెబుతున్నాను. చెబుతుంటే ఏదో దాచిపెట్టి మాట్లాడుతున్నట్టు ఉంటోంది. దయచేసి రోమా 8:28, అదే, దేవుణ్ణి ప్రేమించేవాళ్లకి అన్నీ మేలుకే జరుగుతాయనే వచనం, మాత్రం రాయకండి. ఈ ఏడు నెలల్లో అది అందరూ ఇచ్చారు.

ఎబెనెజరు77
8:28 టైప్ చేసి, మీ చివరి లైను చూసి చెరిపేశాను. క్షమించండి బ్రదర్.

నైట్‌డ్యూటీ_సిస్టర్
చదివాను. ఇప్పటికి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అమ్మ ఎలా ఉన్నారు?

గ్రీకుపురుగు
ముందు ఆ వచనం సంగతి చూద్దాం. పౌలు వాడిన గ్రీకు మాట ‘ఎన్ పాంటి’. ప్రతి దానిలో అని. ప్రతి దాని కోసం అని కాదు. మన తెలుగు బైబిల్ కూడా ‘విషయమునందును’ అని సప్తమి వేసింది, ‘విషయము కొరకు’ అనలేదు. వరదలో నిలబడి దేవుణ్ణి పిలవడం వేరు, వరద బాగుందనడం వేరు.

ఇంకోటి, ఆ ఉత్తరం ఎవరికి రాశాడో చూడండి. థెస్సలొనీక సంఘంలో కొందరు చనిపోయారు, మిగిలినవాళ్లు కుమిలిపోతున్నారు. 4వ అధ్యాయం 13 నుంచి అంతా ఆ గొడవే. "నిరీక్షణలేని ఇతరులవలె" దుఃఖపడొద్దు అన్నాడు గానీ, అసలు దుఃఖపడొద్దు అనలేదు. ఇక 5:18కి నాలుగు వచనాల ముందు ఏముందో తెలుసా? "ధైర్యము చెడినవారిని ధైర్యపరచుడి, బలహీనులకు ఊతనియ్యుడి." మీ పెద్దాయన 14 మీద నుంచి దూకి 18లో దిగారు. రెండు రాత్రులు కుర్చీలో పడుకున్నప్పుడు ఆయన 14లోనే ఉన్నారు పాపం, తర్వాత తొందరపడ్డారు.

అక్షరమేసత్యం
గ్రీకుపురుగు గారూ, ఎఫెసీ 5:20 ఎందుకు వదిలేశారు? "సమస్తమునుగూర్చి" కృతజ్ఞతాస్తుతులు చెల్లించమని ఉంది. అక్కడ ‘అందు’ లేదు, ‘గూర్చి’ ఉంది. మనకు నచ్చిన విభక్తి పట్టుకుని వాక్యాన్ని వంచకూడదు. పౌలు సీలలు ఫిలిప్పీ చెరసాలలో మధ్యరాత్రి పాడారు, కాళ్లకు బొండ వేసి ఉండగా. దెబ్బలు తగ్గాక పాడదాంలే అనుకోలేదు.

తొమ్మండుగురిలోవాడు
విభక్తిలో కూడా భక్తి ఉంటుందని ఇవాళే తెలిసింది.

గ్రీకుపురుగు
వదిలెయ్యలేదండీ, వస్తున్నాను. 5:20లో ఉన్నది ‘హుపెర్’. కోసం, గురించి అనే అర్థమే, ఒప్పుకుంటున్నాను. కానీ అదే అధ్యాయం 3వ వచనంలో అపవిత్రత, లోభం, వీటి పేరైనా ఎత్తొద్దంటాడు. పేరే ఎత్తకూడని వాటి కోసం థాంక్స్ చెప్పమంటాడా? ‘సమస్తము’కి ఆయన మనసులో ఒక హద్దు ఉంది. మరణం ఆ హద్దుకి ఇవతల ఉందో అవతల ఉందో మొదటి కొరింథీ 15:26లో చూడండి: "కడపట నశింపజేయబడు శత్రువు మరణము." శత్రువు అన్నాడు. బహుమానం అనలేదు.

పౌలు సీలల మాట అన్నారు. వాళ్లు పాడారు, నిజమే. బెత్తాలు బాగున్నాయని పాడారని మాత్రం అక్కడ లేదు.

పాతనోట్‌బుక్
చెరసాల అంటే గుర్తొచ్చింది, యూదుల్ని ఇంట్లో దాచినందుకు పట్టుబడ్డ డచ్ క్రైస్తవురాలు కోరీ టెన్ బూమ్, ఆవిడ అక్క బెట్సీ. 1944లో రావెన్స్‌బ్రూక్ అనే నాజీ నిర్బంధ శిబిరం...

తొమ్మండుగురిలోవాడు
వచ్చేశాయి మిన్నల్లులు. ఎవరు ముందు తెస్తారా అని చూస్తున్నా.

పాతనోట్‌బుక్
పూర్తిగా చెప్పనివ్వు తమ్ముడూ. వినని వాళ్లు ఉంటారు. వాళ్లని తోసిన గదినిండా మిన్నల్లులు, అంటే కుక్కల ఒంటి మీద గెంతే పురుగులు. బెట్సీ ఇదే 5:18 పట్టుకుని వాటి కోసం కూడా దేవునికి కృతజ్ఞత చెప్పింది. కోరీకి అది నచ్చలేదు, ఈసారి అక్క పొరపాటు పడిందనే అనుకుంది. తర్వాత తెలిసిందేంటంటే, ఆ పురుగుల భయానికే కాపలావాళ్లు ఆ గదిలోకి వచ్చేవాళ్లు కాదట. అందుకే రోజూ లోపల బైబిల్ చదువుకోగలిగారు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఈ కథ ప్రసంగాల్లో వంద సార్లు విన్నాను అక్కా. అక్కడితోనే ఆపేస్తారు. ఆ డిసెంబరులో బెట్సీ ఆ శిబిరంలోనే చనిపోయింది. మిన్నల్లులకి ఒక కారణం దొరికింది, దానికి దొరకలేదు.

ఇంకో సంగతి. పురుగులు కుడుతున్నది బెట్సీని. ఆ మాట అన్నదీ ఆమే. పక్కన ఒంటికి ఏమీ కుట్టని మనిషి నిలబడి "కృతజ్ఞత చెప్పమ్మా" అని ఉంటే ఆ కథ ఎవరికీ గుర్తుండేది కాదు.

అక్షరమేసత్యం
అంటే బాధలో ఉన్నవాళ్లకి వాక్యం చెప్పకూడదా?

నైట్‌డ్యూటీ_సిస్టర్
చెప్పొచ్చు అన్నా. కాస్త ఆగి చెప్పొచ్చు. అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గర ఆయన స్నేహితులు ఏడు రోజులు నోరు మూసుకుని నేల మీద కూర్చున్నంత సేపూ బంగారంలాంటి మనుషులు. నోరు తెరిచాకే పాడైంది.

వెనకబెంచీ
@నైట్‌డ్యూటీ_సిస్టర్ అమ్మ పైకి బాగానే ఉంది. రాత్రి మూడింటికి లేచి హాల్లో కూర్చుంటోంది.

అందరికీ: యోబు మాట ఎవరో ఒకరు తెస్తారనుకున్నాను. "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను" అన్నాడు కదా ఆయన, పిల్లలు పోయిన రోజే. నేను ఏడు నెలలైనా అనలేకపోతున్నాను.

రాగంతప్పినపాట
అది 1వ అధ్యాయం. 3వ అధ్యాయంలో ఆయనే తను పుట్టిన రోజుని శపించాడు. మనం మొదటి అధ్యాయాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలించాం, మూడోదాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాం. చివర్లో దేవుడు మెచ్చుకున్నది నోరు పారేసుకున్న యోబునే, ఆయన తరఫున వాదించిన స్నేహితుల్ని కాదు.

నేను పాటలు పాడించేవాణ్ణి సంఘంలో. కీర్తనలు 150లో దాదాపు మూడో వంతు మొరలే, ఏడుపులే. మేం ఆదివారం పాడే లిస్టులో అలాంటిది ఒక్కటీ లేదని ఎనిమిదేళ్లకి గమనించాను. 88వ కీర్తన ఎప్పుడైనా పూర్తిగా చదివారా? మిగతా ఏడుపు కీర్తనలు చాలా వరకు చివరికి స్తుతిలోకి తిరుగుతాయి. ఇది తిరగదు. ఆఖరి మాట "చీకటియే నాకు బంధువర్గమాయెను". అంతే, ఆమెన్ కూడా లేదు. దాన్ని గుడిలో పాడటానికి ఇచ్చారు చూడండి, అది నాకు ఆశ్చర్యం.

ఎబెనెజరు77
నేను కొంచెం అక్షరమేసత్యం గారి పక్షం. మొర పెట్టుకోవచ్చు, సరే. కానీ అక్కడే గుడారం వేసుకుంటే? మా నాన్న పోయినప్పుడు నేను రెండేళ్లు దేవునితో మాట్లాడలేదు. నన్ను బయటికి లాగింది పెద్ద ప్రసంగాలేం కాదు. మొదటి సమూయేలు 7లో సమూయేలు ఒక రాయి నిలబెట్టి, దానికి ఎబెనెజరు అని పేరు పెట్టి "ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను" అంటాడు కదా. ఇంతవరకు. రేపటి సంగతి ఆయన ఎత్తలేదు. అదొక్క మాట నేను నిజాయితీగా అనగలిగాను. నా హ్యాండిల్ కూడా అందుకే.

తొమ్మండుగురిలోవాడు
77 ఏంటి మరి?

ఎబెనెజరు77
మిగతా ఎబెనెజరులన్నీ అప్పటికే ఎవరో తీసేసుకున్నారు.

పాతనోట్‌బుక్
వెనకబెంచీ తమ్ముడు "ఏదో దాచిపెట్టి మాట్లాడుతున్నట్టు ఉంటోంది" అన్నాడు, దాని గురించి. నేను రోజూ రాత్రి కృతజ్ఞతలు రాసుకునేదాన్ని. ఒకరోజు వెనక్కి తిప్పి చూస్తే నలభై పేజీలు "ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం". హాజరు పట్టీలా ఉంది. దేవుడు చదువుతుంటే ఆయనకే విసుగొచ్చి ఉంటుంది.

2003లో ఎమన్స్, మెకల్లో అనే ఇద్దరు సైకాలజిస్టులు దీని మీద పరీక్ష పెట్టారు. వారానికొకసారి ఐదు విషయాల వరకు రాయమన్నారు, పది వారాలు. అలా రాసినవాళ్లు, చికాకులు రాసినవాళ్ల కంటే తమ బతుకు గురించి మెరుగ్గా అనుకున్నారు. ఇంకో పరిశోధనలో వారానికి మూడుసార్లు రాసినవాళ్ల కంటే ఒక్కసారి రాసినవాళ్లకే ఎక్కువ మేలు కనిపించింది. నాకు అర్థమైంది అదే, రోజూ అయితే చెయ్యి రాస్తుంది గానీ మనసు రాయదు. ఇప్పుడు శనివారం మాత్రం రాస్తాను. అదీ ఒకటే, కానీ పేరు, సమయం, చోటు పెట్టి.

అక్షరమేసత్యం
ఇది లోకస్థుల పద్ధతి. మనసు తేలికపడటానికి చేసేది కృతజ్ఞత కాదు. పుచ్చుకునేవాడు ఒకడు ఉండాలి.

పాతనోట్‌బుక్
ఆ చివరి మాటకి నూటికి నూరు ఒప్పుకుంటాను అన్నా. మొదటి మాటకి కాదు.

తొమ్మండుగురిలోవాడు
నా వంతు, జోకులు పక్కన పెట్టి. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులు. "మిమ్మును యాజకులకు కనుపరచుకొనుడి" అన్నాడు యేసు. తొమ్మిదిమంది చేసింది అదే! చెప్పిన పని చేశారు. వాళ్లని మనం కృతఘ్నులంటాం. నిజానికి వాళ్లు క్రమశిక్షణ గలవాళ్లు, పద్ధతి ప్రకారం వెళ్లారు. వెనక్కి తిరిగినవాడు ఒక్క సమరయుడు. అతను తెచ్చిందేమీ లేదు, ఆయన పాదాల దగ్గర పడ్డాడు, అంతే. పుచ్చుకునేవాడు ఉండాలి అని అక్షరమేసత్యం అన్న అన్నది ఇదే.

ఆ తొమ్మిదిమందికీ కుష్ఠు తిరిగి వచ్చిందని ఎక్కడా లేదు, అది కూడా గమనించండి. థాంక్స్ చెప్పలేదని స్వస్థత వెనక్కి తీసుకున్నాడనీ లేదు. నేను చాలా ఏళ్లు ఆ తొమ్మిదిలో ఉన్నాను, నాకు తెలుసు. "ఆ తొమ్మండుగురు ఎక్కడ" అని యేసు అడిగాడు గానీ కొట్టలేదు.

రాగంతప్పినపాట
సాక్ష్యాల విషయం ఎవరూ ముట్టుకోవట్లేదు. లూకా 18లో పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రం కచ్చితంగా పాటించే భక్తుడు, ఇంకా సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు. ఆ ఉపమానంలో "నీకు కృతజ్ఞతాస్తుతులు చెల్లించుచున్నాను" అన్నది ఎవరు? పరిసయ్యుడు! "ఈ సుంకరివలెనైనను ఉండనందుకు." పక్కవాడితో పోల్చుకుని చెప్పే థాంక్స్ అది. ఆ నాన్నగారు చేసింది కూడా...

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఆగండి. అంత మాట వద్దు. ఐసీయూ బయట ఒకరు ఏడుస్తూ, ఒకరు మోకాళ్లూని స్తోత్రం చెబుతూ, మధ్యలో నాలుగు అడుగుల దూరం, ఇది నేను ఎన్నో రాత్రులు చూశాను. బిడ్డ కళ్లు తెరిచిన నాన్న పక్కవాళ్లని చూసే స్థితిలో ఉండడు. అది పరిసయ్యతనం కాదు, ఆ నిమిషానికి కళ్లు కనిపించకపోవడం.

పాపవాళ్లనాన్న
రెండు రోజులుగా చదువుతూ ఊరుకున్నాను. మీ కథలో ఆ నాన్న ఉన్నాడే, నేను అలాంటివాణ్ణే.

నాలుగేళ్ల క్రితం మా పాపకి మెదడువాపు. పదకొండు రోజులు కళ్లు తెరవలేదు. తెరిచింది. చెప్పకుండా ఉండటం నా వల్ల కాలేదు. తొమ్మండుగురిలోవాడు చెప్పిన ఆ సమరయుడు కూడా "గొప్ప శబ్దముతో" దేవుణ్ణి మహిమపరుస్తూ వచ్చాడని ఉంది, గుసగుసలాడుతూ కాదు. మైకు పట్టుకున్నాను. "ఉపవాసముండి ప్రార్థించాం కాబట్టి దేవుడు మా పాపని తిరిగి ఇచ్చాడు" అన్నాను. మూడో వరసలో ఒకామె లేచి బయటికి వెళ్లిపోయింది. అంతకు ముందు సంవత్సరమే ఆమె కొడుకు పోయాడు. ఆ నిమిషంలో నాకు గుర్తు రాలేదు అని చాలామందికి చెప్పాను. ఇక్కడ పేరు లేదు కాబట్టి నిజం రాస్తాను, గుర్తొచ్చింది. అప్పటికే మాట నోట్లోంచి సగం వచ్చేసింది, ఆపలేదు.

నెల తర్వాత నేనూ మా ఆవిడా వాళ్లింటికి వెళ్లాం. "సాక్ష్యం చెప్పడం తప్పైంది అక్కా" అన్నాను. ఆమె అన్నది ఇది: "తప్పేంటి తమ్ముడూ, పాప లేచి కూర్చుంటే చెప్పవా? ఆ ‘కాబట్టి’ ఒక్కటి తీసెయ్. నేను ఇరవై ఒక్క రోజులు ఉపవాసం ఉన్నాను."

ఇప్పుడూ చెబుతాను, ఎవరు అడిగినా. "అడిగాం. పాప లేచింది. మాకే ఎందుకో మాకు తెలీదు. ఆయనకి స్తోత్రం." ఇలా చెబితే చప్పట్లు తక్కువ పడతాయి.

రాగంతప్పినపాట
నా పరిసయ్యుడి మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పాతనోట్‌బుక్
ఆ ‘కాబట్టి’... ఫోను పక్కన పెట్టి కాసేపు కూర్చున్నాను.

ఎబెనెజరు77
ద్వితీయోపదేశకాండంలో కూడా ఇదే ఉంది కదా. 8లో "నా సామర్థ్యము నా బాహుబలము" వల్ల వచ్చిందనుకోవద్దంటాడు. 9కి వచ్చేసరికి ఇంకా లోతుగా, నా నీతిని బట్టి ఇచ్చాడని కూడా అనుకోవద్దంటాడు. బలం పేరుతో రాకపోతే భక్తి పేరుతో వస్తుంది ఈ గొప్ప.

అక్షరమేసత్యం
కన్నీళ్లొచ్చాయి బ్రదర్, అయినా ఒక మాట. యాకోబు 5:16, "నీతిమంతుని విజ్ఞాపన మనఃపూర్వకమైనదై బహు బలముగలదై యుండును". ప్రార్థనకీ జవాబుకీ సంబంధమే లేదంటే ఇక ప్రార్థన ఎందుకు?

గ్రీకుపురుగు
సంబంధం లేదని ఆయన అనలేదు. ఆ సంబంధం మన చేతిలో ఉన్న లెక్క కాదంటున్నాడు. అపొస్తలుల కార్యములు 12 చదవండి. వెనకబెంచీ గారూ, మీరు కూడా, ఓపిక ఉంటేనే. 2వ వచనంలో హేరోదు రాజు యేసు శిష్యుడైన యాకోబును కత్తితో చంపించాడు. అదే అధ్యాయంలో పేతురు సంకెళ్లు ఊడి బయటికొచ్చాడు. ఒకే రాజు, ఒకే సంఘం. పేతురు కోసం సంఘం అత్యాసక్తితో ప్రార్థన చేస్తోందని ఉంది. మరి యాకోబు కోసం చెయ్యలేదా? లూకా ఒక్క ముక్క వివరణ ఇవ్వడు. ఒకరికి ఒక్క వచనం, ఇంకొకరికి పేజీ.

ఆ ఒక్క వచనంలో యాకోబుని ఎలా పరిచయం చేశాడో చూడండి. "యోహాను సహోదరుడైన యాకోబు."

నైట్‌డ్యూటీ_సిస్టర్
పేతురు తలుపు తట్టినప్పుడు రొదే అనే పిల్ల సంతోషం పట్టలేక తలుపు తియ్యడం కూడా మర్చిపోయి లోపలికి పరిగెత్తింది. ఆ ఇంట్లో ఆ రాత్రి యోహాను ఉన్నాడో లేడో రాయలేదు. ఉంటే ఎలా ఉండి ఉంటాడు అని ఇంతవరకు నేను ఎప్పుడూ అనుకోలేదు.

అక్షరమేసత్యం
...నేనూ అనుకోలేదు.

తొమ్మండుగురిలోవాడు
ఒక చిన్న విషయం, ఎవరూ చెప్పలేదు కాబట్టి. యేసు అప్పగించబడిన రాత్రి రొట్టె పట్టుకుని కృతజ్ఞతాస్తుతులు చెల్లించాడు. రొట్టె కోసం. తనని అప్పగించిన యూదా కోసం కాదు. గెత్సేమనే తోటలో తన శ్రమల గిన్నె తొలగించమని అడిగాడు, ఆ గిన్నెకి థాంక్స్ అనలేదు. గ్రీకుపురుగు గారూ, సరేనా?

గ్రీకుపురుగు
సరే. ఇంకోటి కలుపుకోండి, యోహాను 11, చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గరికి యేసు వచ్చినప్పటిది. 35లో "యేసు కన్నీళ్లు విడిచెను", 41లో "తండ్రీ... నీకు కృతజ్ఞతాస్తుతులు చెల్లించుచున్నాను". మధ్యలో ఐదు వచనాలు. కళ్లు తుడుచుకున్నాడని కూడా లేదు.

వెనకబెంచీ
అన్నీ చదివాను, కొన్ని రెండుసార్లు. యోహాను సహోదరుడైన యాకోబు దగ్గర ఆగిపోయాను. అక్కడి నుంచి ముందుకి వెళ్లడానికి ఒక రోజు పట్టింది.

నిన్న రాత్రి మూడింటికి నేనూ లేచి హాల్లోకి వెళ్లాను. అమ్మని అడిగేశాను, ఆ రోజు చప్పట్లు ఎందుకు కొట్టావని. నేను కాస్త కోపంగానే అడిగినట్టున్నాను. నలుగురి కోసం కొట్టి ఉంటుంది అనుకున్నాను ఇన్నాళ్లూ. అమ్మ నన్ను వింతగా చూసింది. "వాడూ మీ తమ్ముడూ ఒకే సండే స్కూల్లో కొట్టుకుంటూ పెరిగారు రా. ఒక్కడైనా లేచి వచ్చాడు. కొట్టనా మరి?" అంది. కాసేపాగి, "ఆయన మాట్లాడింది నేను వినలేదు, ఆ పిల్లాణ్ణే చూస్తున్నాను. చాలా చిక్కిపోయాడు" అంది.

నేను ఆ అబ్బాయి వైపు చూడనే లేదు ఆ రోజు. అమ్మ చేతుల్ని చూశాను, వాళ్ల నాన్నని చూశాను.

తమ్ముడు పోయినందుకు థాంక్స్ చెప్పను. ఆ విషయంలో నాకు టెన్షన్ తగ్గింది. మిగతా వాటికి చెప్పేటప్పుడు ముందు 88వ కీర్తన చదివి చెబుతున్నాను రెండు రోజులుగా. దాచిపెట్టినట్టు అనిపించట్లేదు. అక్షరమేసత్యం గారూ, మీరు గుడారం వేసుకోనివ్వరని తెలుసు.

ఎబెనెజరు77
గుడారం మాట నాది బ్రదర్, ఆయన మీద వెయ్యకండి.

అక్షరమేసత్యం
వేసుకో తమ్ముడూ. నేనూ వచ్చి కూర్చుంటాను. మాట్లాడను.

తొమ్మండుగురిలోవాడు
ఇది స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటున్నాను. అక్షరమేసత్యం అన్న "మాట్లాడను" అన్నారు.

గ్రీకుపురుగు
ఆ పెద్దాయనకి 14వ వచనం చూపించారా?

వెనకబెంచీ
పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. కానీ పొద్దున అమ్మకి ఫోన్ చేసి, ఆదివారం ఆటో మాట్లాడనా, కలిసి వెళ్దామా అని అడిగారట.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఆ అబ్బాయిని చూడటానికి వెళ్తారా?

వెనకబెంచీ
అమ్మ వెళ్దామంటోంది, ఈ శనివారం. బండి మీద దింపుతానన్నాను. లోపలికి వస్తానని మాత్రం మాట ఇవ్వలేదు.

పాపవాళ్లనాన్న
గేటు దగ్గర నిలబడినా వాళ్ల నాన్న మిమ్మల్ని చూసి బయటికి వస్తాడు బ్రదర్. ఆయనకి ఏం మాట్లాడాలో తెలీదు. మీరే ముందు పిల్లాడు ఎలా ఉన్నాడని అడగండి.